ఇల్లు లేనివారికి సంఘం తరఫున భోజనం: తలపెట్టడం నుంచి నిలబెట్టడం వరకు

డిసెంబరు చివరి వారంలో సికింద్రాబాద్ స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద పడుకునేవారికి ఒకే రాత్రి మూడు నాలుగు క్రైస్తవ సంఘాల నుంచి బిర్యానీ పొట్లాలు, కేకులు, దుప్పట్లు అందుతాయి. ఫిబ్రవరి వచ్చేసరికి అదే ఫుట్‌పాత్ మీద అదే మనుషులు రాత్రిపూట టీ, బన్నుతో సరిపెట్టుకుంటూ కనిపిస్తారు. సంఘాలకు మనసు లేక ఇలా జరగడం లేదు. ఈ పనిని క్రిస్మస్ పండుగలో ఒక కార్యక్రమంగా చేసుకున్నామే తప్ప, ఏడాది పొడవునా నడిచే పరిచర్యగా దాన్ని ఎలా నిలబెట్టాలో కూర్చుని ఆలోచించుకోకపోవడం వల్ల జరుగుతోంది. వారానికి ఒక్క పూటైనా సరే, వందమందికి కాకపోతే ముప్పైమందికైనా సరే, తప్పకుండా భోజనం పెట్టాలనుకునే సంఘం ఏమేమి చూసుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్, సికింద్రాబాద్‌లవి. విజయవాడలోనైనా, విశాఖలోనైనా పని తీరు పెద్దగా మారదు.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి" అన్నప్పుడు, ఆ ఆకలి ఎందుకు వచ్చిందో చెప్పలేదు. తాగి పాడుచేసుకున్నాడా, పిల్లలు వదిలేశారా, పని దొరకలేదా అన్న విచారణ ఆ మాటలో ఎక్కడా లేదు. ఈ పరిచర్యకు కూర్చునే మొదటి కమిటీ సమావేశంలోనే "అర్హులైనవారికే పెట్టాలి" అనే మాట ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. ఆ చర్చను అక్కడే ముగించుకుని, చేయి చాచినవారందరికీ పెట్టాలని తీర్మానించుకున్న తర్వాతే పాత్రలు, పప్పు బియ్యాల సంగతికి వెళ్ళడం మంచిది. ఆ తీర్మానం లేకుండా మొదలైన పని నెల తిరగకుండానే ఫుట్‌పాత్ మీద తగాదాగా మారుతుంది.

మొదట చేయవలసింది వంట కాదు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షల మంది. వీరంతా ఒకే తరహా మనుషులు కారు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి కూలికి వెళ్ళి రాత్రికి ఫ్లైఓవర్ కిందికి చేరేవారు ఉంటారు; చెత్త ఏరుకునే కుటుంబాలు ఉంటాయి; ఇంట్లోంచి వెళ్ళగొట్టబడిన ముసలివారు, మతి స్థిమితం తప్పి ఊరు పేరు చెప్పలేని ఆడవారు ఉంటారు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల పరిసరాల్లో రాత్రిళ్ళు కనిపించేవారిలో చాలామంది నిజానికి ఇల్లు ఉన్నవారే; జిల్లాల నుంచి రోగిని తీసుకువచ్చి, లాడ్జికి డబ్బు లేక బయట చాప వేసుకున్న బంధువులు. వారి ఆకలీ ఆకలే, కాని వారి అవసరం వేరు. వారికి పొద్దుటి టిఫిను, వేడి నీళ్ళు, ఒక మంచి మాట ఎక్కువ ఉపయోగపడతాయి.

కాబట్టి మొదటి రెండు మూడు వారాలు చేతిలో ఏమీ లేకుండా ఇద్దరో ముగ్గురో ఆ ప్రాంతంలో నడవాలి. అక్కడి టీ కొట్టు యజమాని, ఆటో డ్రైవర్లు, రాత్రి కాపలా మనిషి, పారిశుద్ధ్య కార్మికులు చెప్పే సంగతులు ఏ సర్వేలోనూ దొరకవు. ఏ రోజు ఎవరు పెడుతున్నారో అడిగి రాసుకోవాలి. గురువారం సాయిబాబా గుళ్ళ దగ్గర అన్నదానం ఉంటుంది. శుక్రవారం దర్గాల దగ్గర, మసీదుల దగ్గర ఎవరో ఒకరు పంచుతారు. గురుద్వారాలో లంగర్ ఉంటుంది. ఆదివారం మన సంఘాలవారు వస్తారు. అందరూ పెట్టే రోజున మనమూ వెళ్ళి పెట్టడం కన్నా, ఎవరూ రాని సోమవారమో మంగళవారమో చూసుకుని వెళ్ళడం నిజమైన ఉపకారం. ఆదివారం ఆరాధన అయిన వెంటనే వెళ్ళడం మనకు వీలుగా ఉంటుంది. కాని మన వీలును బట్టి వారి ఆకలి ఉండదు.

పూట విషయంలోనూ ఇదే లెక్క. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజన కేంద్రాలు ప్రధానంగా మధ్యాహ్నం అన్నం పెడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మధ్యలో ఆగి, 2024 ఆగస్టు నుంచి మళ్ళీ మూడు పూటలా 5 రూపాయల చొప్పున పెడుతున్నాయి. మీ ప్రాంతంలో అలాంటి కేంద్రం ఎంత దూరంలో ఉందో, ఏ వేళకు మూస్తారో, ఏ రోజు సెలవో స్వయంగా వెళ్ళి కనుక్కోండి. దగ్గరలో మధ్యాహ్నం భోజనం దొరుకుతున్నప్పుడు మీరు సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల మధ్య వెళ్ళడం సరైన పని. అంతకన్నా ఆలస్యమైతే ముసలివారు నిద్రపోతారు. నిద్రపోతున్నవారి ముఖం మీద టార్చి వేసి లేపి పెట్టే అన్నం వారికి భయమే కలిగిస్తుంది. తలదగ్గర పొట్లం పెట్టి వచ్చేస్తే చీమలో కుక్కలో ముందు లేస్తాయి.

స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒకసారి పాస్టరుగారు, ఒక సంఘపెద్ద కలిసి వెళ్ళి నోటితో చెప్పి, సంఘం లెటర్‌హెడ్ మీద రాసిన కాగితం ఇచ్చి రావడం మరవకండి. ఆసుపత్రి ఆవరణలో పంచాలనుకుంటే అక్కడి అధికారుల అనుమతి తప్పనిసరి.

అన్నానికి షరతు ఉండకూడదు

ఈ విషయం గురించి కాస్త విడమరచి రాయాలి, ఎందుకంటే తెలుగు క్రైస్తవులకు ఇందులో ఒక గొప్ప పూర్వోదాహరణ ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలులో ఉన్న బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలాది మందికి పని, కూలి, తిండి చూపించారు. వారిలో ఎందరో బాప్తిస్మం అడిగారు. అన్నం కోసమే విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. కరువు తగ్గి సాయం నిలిచిపోయి, ఇవ్వడానికి ఆయన చేతిలో ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సభల్లో తరచు చెప్పుకుంటాం. దానికి ముందున్న నిరీక్షణను అంతగా చెప్పుకోం. నా దృష్టిలో ఆ నిరీక్షణే ఎక్కువ విలువైనది.

ఆచరణలో దీని అర్థం ఇది: భోజనం ఇచ్చే ముందు ప్రార్థనకు నిలబెట్టకూడదు, పాట పాడించకూడదు, పొట్లంతో పాటు కరపత్రం పెట్టకూడదు. మీ పరిచర్య బృందం బయలుదేరే ముందు మందిరంలో ఎంతసేపైనా ప్రార్థించుకోవచ్చు. ఫుట్‌పాత్ మీద ఎవరైనా తమంతట తాము "అయ్యా, నాకోసం ప్రార్థన చేయండి" అని అడిగితే పక్కన కూర్చుని నెమ్మదిగా చేయండి. అడగనివారి దగ్గర వద్దు. ఆకలిగా ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతాడు. ఆ తల ఊపుడును సాక్ష్యంగా తీసుకుంటే ఆయనను అవమానించినట్టే. "మీరెవరు, ఎందుకు పెడుతున్నారు" అని అడిగితే మాత్రం దాచవద్దు: ఫలానా సంఘం నుంచి వచ్చాం, యేసు ప్రభువు పెట్టమన్నాడు కనుక పెడుతున్నాం అని ఒక్క మాటలో చెప్పండి. అది చాలు.

ఫొటోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాటను చదివిన సంఘం, చేయి చాచిన ముసలమ్మ ముఖాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఏ విధంగానూ పొసగదు. దాతలకు లెక్క చూపించాలి అంటారు. వండిన గుండిగల ఫొటో, సరుకుల బిల్లు, పెట్టిన భోజనాల సంఖ్య చూపించండి. తిన్నవారి ముఖాలు చూపించకండి. ఆ ముఖాల్లో ఒకటి ఎవరి తల్లిదో, ఊళ్ళో ఎవరి కంట పడుతుందో మనకు తెలియదు. కొందరు ఇంటివారికి తెలియకుండా బతుకుతుంటారు. కొందరు ఆడవారు ఎవరి నుంచో తప్పించుకుని వచ్చి ఉంటారు.

మనుషులు, డబ్బు

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో రోజువారీ పంపిణీలో కొందరు విధవరాండ్రకు అందడం లేదన్న సణుగు వచ్చినప్పుడు, ఆ పనికి మంచి పేరున్న ఏడుగురిని ప్రత్యేకంగా ఏర్పరచారు. ఏ సంఘమైనా ఆ పద్ధతినే అనుసరించవచ్చు. ఏడెనిమిది మంది స్థిరంగా ఉండే బృందం ఒకటి కావాలి; వారిలో ఇద్దరు ముగ్గురు స్త్రీలు తప్పక ఉండాలి, ఎందుకంటే ఒంటరిగా ఉన్న ఆడవారు మగవారి బృందం దగ్గరకు రారు. యవ్వనస్తులు ఉత్సాహంగా ఇరవై మంది వస్తామంటారు. పంపిణీకి ఇరవై మంది వెళితే అది ఊరేగింపులా ఉంటుంది. అయిదారుగురు ఫుట్‌పాత్ మీదికి వెళ్ళి, మిగిలినవారు కూరగాయలు తరగడానికి, పాత్రలు తోమడానికి మందిరం దగ్గరే ఉండేలా పని పంచండి. అంట్లు తోమే పనికి ఎవరూ పేరు ఇవ్వరు కనుక దాన్ని వంతులవారీగా ముందే రాసిపెట్టుకోవాలి, సంఘపెద్దల పేర్లతో సహా.

ఖర్చు సంగతికి వస్తే, సంఘం మనుషులే వండుకుంటే ఒక గుడ్డుతో కూడిన సాంబారన్నం భోజనానికి పొట్లంతో కలిపి సుమారు 25 నుంచి 30 రూపాయలు అవుతుంది. ఒక పెద్ద దాత మీద ఆధారపడిన పరిచర్య ఆ దాత అలిగిన రోజున ఆగిపోతుంది. అందుకని చిన్న చిన్న కానుకల మీద నిలబెట్టడం మేలు. ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోసి, ఆదివారం మందిరానికి తెచ్చే అలవాటును మళ్ళీ నేర్పండి. మిజోరం సంఘాలు వందేళ్ళకు పైగా ఈ పిడికెడు బియ్యంతోనే ఎన్నో పరిచర్యలు నడుపుతున్నాయి. అయితే రకరకాల బియ్యం కలిస్తే అన్నం సగం పలుకు, సగం మెత్తగా అవుతుంది. వచ్చినవాటిని పాతవి, కొత్తవి, ఉప్పుడు బియ్యం అని వేరు చేసుకుని, ఒక్కో వారం ఒక్కో రకం వండండి. చవగ్గా వస్తున్నాయని బయట అమ్మే రేషన్ బియ్యం మాత్రం కొనవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా మరో పేదవాడి వాటా.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మన పిల్లలు డబ్బు పంపుతామంటే ఒక సంగతి గమనించాలి. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, అక్కడి సంఘాలు పంపే డబ్బు మాత్రం విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. సంఘపెద్ద సొంత ఖాతాలో వేయించుకోవడం దీనికి దారి కాదు.

ఆహార భద్రత విషయంలో ఒక చట్టపరమైన పని కూడా ఉంది. మత, సామాజిక కార్యక్రమాల్లో ఆహారం పంచేవారిని కూడా ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనలు చిన్న ఆహార వ్యాపారుల తరగతిలో చేర్చాయి. లాభం లేదు కదా అంటే మినహాయింపు రాదు. క్రమం తప్పకుండా వండి పంచే సంఘం ఆన్‌లైన్‌లో ప్రాథమిక నమోదు చేయించుకోవడం మంచిది. రుసుము స్వల్పం. హోటళ్ళ నుంచి, పెళ్ళిళ్ళ నుంచి మిగిలినది తెచ్చి పంచాలనుకునేవారికి 2019 నాటి మిగులు ఆహార నిబంధనలు వేరుగా ఉన్నాయి. నా అభిప్రాయంలో కొత్తగా మొదలుపెట్టే సంఘం పెళ్ళి మిగుళ్ళ జోలికి పోకపోవడం మంచిది. అది ఎప్పుడు వండారో, ఎంతసేపు మూత తీసి ఉందో మనకు తెలియదు.

వంట

వందమందికి సాంబారన్నం వండాలంటే 9 కిలోల బియ్యం, 3 కిలోల కందిపప్పు, 5 కిలోల కూరగాయలు, అర కిలో చింతపండు, కిలోంబావు నూనె పెట్టుకుంటే మనిషికి ఇంచుమించు 400 గ్రాముల అన్నం వస్తుంది. సొరకాయ, క్యారెట్, గుమ్మడికాయ, టమాట లాంటివి మెత్తగా ఉడికిపోతాయి. మునక్కాడ, వంకాయ తొడిమ, బీన్స్ నారలు వద్దు. దీనికి కారణం ఉంది. ఫుట్‌పాత్ మీద ఉన్న పెద్దవారిలో చాలామందికి పళ్ళు ఉండవు, ఉన్నా నొప్పి పెడుతుంటాయి. చీకట్లో తినేవారికి ఎండుమిర్చి, లవంగం, మిరియం నోట్లో తగిలితే అన్నం పక్కన పెట్టేస్తారు. అందుకని కారం మన ఇంటి పాళ్ళలో సగమే వేసి, తాలింపు మిరపకాయలను ఏరివేయాలి. రోజంతా ఖాళీ కడుపుతో ఉన్నవారికి కారం, నూనె ఎక్కువైన బిర్యానీ కడుపులో మంట పుట్టిస్తుంది. పండుగ రాత్రి బిర్యానీ తిని తెల్లవార్లూ బాధపడినవారు ఉన్నారు. పప్పన్నం, కిచిడీ, సాంబారన్నం లాంటి జారుగా ఉండే అన్నమే వారికి హితం.

గుడ్డు పెట్టగలిగితే తప్పక పెట్టండి. బాగా ఉడకబెట్టి, పెంకుతోనే తీసుకువెళ్ళాలి; ఒలిచిన గుడ్డు తొందరగా పాడవుతుంది, చేతుల మురికి పడుతుంది. గుడ్డు తిననివారి కోసం కొన్ని అరటిపండ్లు ఉంచుకోండి. మాంసం వండకపోవడమే మంచిదని నా సలహా: త్వరగా చెడిపోతుంది, ఖర్చు ఎక్కువ, పైగా ఇది హలాలా కాదా అన్న అనుమానంతో ముస్లిం సోదరులు తినలేక, వద్దనలేక ఇబ్బంది పడతారు.

అన్నం చెడిపోయే తీరును బృందంలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. ఇంట్లో ఉన్నవారికి వాంతులైతే బాత్‌రూం ఉంటుంది, నీళ్ళు ఉంటాయి, ఎవరో ఒకరు లేచి చూస్తారు. ఫుట్‌పాత్ మీద ఉన్న మనిషికి ఆ రాత్రి ఏమీ ఉండదు. అందుకే వండిన అన్నం 60 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిగా ఉండాలి, పొయ్యి దించిన రెండు గంటల్లోపు చేతికి అందాలి. దీనికి సులువైన మార్గం వంట వేళను వెనక్కి జరపడమే. మధ్యాహ్నం మూడింటికి వండి సాయంత్రం దాకా ఉంచే బదులు, మధ్యాహ్నం కూరగాయలు తరిగి పెట్టుకుని సాయంత్రం అయిదున్నరకు పొయ్యి వెలిగించండి. అన్నాన్ని గుండిగతోనే మూతబెట్టి, చుట్టూ మందపాటి దుప్పటి చుట్టి బండిలో పెట్టుకుని, అక్కడికి చేరాక వడ్డించడం ఒక పద్ధతి. పొట్లాలు కట్టి హాట్‌బాక్సులో పెట్టుకోవడం మరొకటి. మొదటిదే ఎక్కువసేపు వేడి నిలుపుతుంది.

మే నెలలో ఎండలు నలభై దాటినప్పుడు చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర కొంత నిలవ తట్టుకుంటాయి. వాటితో పాటు పల్చటి మజ్జిగ, ఉప్పు వేసి, క్యానులో తీసుకువెళ్ళండి. కొబ్బరి చట్నీ ఆ రోజుల్లో పూర్తిగా మానేయాలి. వేలికి గాటు ఉన్నవారు, జలుబు విరేచనాలతో ఉన్నవారు ఆ వారం వంటకు దూరంగా ఉండి బండి పని చూసుకోవాలి. వండినదాన్ని ముందు బృందంలో ఇద్దరు తిని చూడాలి, ఒక చిన్న డబ్బాలో కొంత తీసి మర్నాటి దాకా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎవరికైనా ఒంట్లో బాగులేదన్న కబురు వస్తే డాక్టరుకు చూపించడానికి అది పనికొస్తుంది.

పొట్లాలకు న్యూస్‌పేపర్ వాడకండి. ఆ సిరా ఆహారంలో కలుస్తుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి. అడ్డాకులతో కుట్టిన విస్తర్లు, దొన్నెలు అన్నిటికన్నా మంచివి, పొట్లంగా కట్టడానికీ వీలవుతాయి.

పెట్టే తీరు

ఇదే ఈ పనికి గుండెకాయ. తెలుగు నేల మీద సంఘాల్లో చాలావాటికి ఒక జ్ఞాపకం ఉంది: మన తాతలు పెద్దింటి వాకిట్లో దూరంగా నిలబడి, పైనుంచి పోస్తే దోసిలి పట్టి నీళ్ళు తాగారు; అన్నం పైనుంచి జారవిడిస్తే కొంగు పట్టి అందుకున్నారు. ఆ మనుషుల మనవలం మనం. ఫుట్‌పాత్ మీద కూర్చున్న మనిషికి నిలబడి పైనుంచి పొట్లం అందించే ప్రతి చేయి ఆ వాకిలిని గుర్తు తెచ్చుకోవాలి. కాబట్టి వంగండి, వీలైతే పక్కన కూర్చోండి. రెండు చేతులతో ఇవ్వండి, ముఖం చూసి ఇవ్వండి. "అమ్మా, భోజనం చేశారా?" "పెద్దాయనా, అన్నం తెచ్చాం, తింటారా?" అని ముందు అడగండి. వద్దంటే సరేనమ్మా అని ముందుకు సాగండి. "ఇంద, తీస్కో" అనే పిలుపు మన నోట రాకూడదు; వయసులో పెద్దవారిని మీరు అనే పిలవాలి, వారు ఏ స్థితిలో ఉన్నా సరే.

వరుసలో నిలబెట్టడం పెద్ద గుంపుకు తప్పదు గాని, ముప్పై నలభై మంది ఉన్నచోట అవసరం లేదు. వారు కూర్చున్న చోటికే మనం వెళ్ళడం వల్ల తోపులాట ఉండదు, కుంటివారు, గుడ్డివారు వెనకబడరు. సామాను వదిలి వస్తే పోతుందన్న భయమూ ఉండదు. మందిరం ఆవరణలో బంతి భోజనం పెట్టడం చూడముచ్చటగా ఉంటుంది గాని, చాలామంది ఆ సామాను భయం వల్లనే రారు. బండిని రోడ్డు మలుపులో, ఫ్లైఓవర్ మీద ఆపకండి. జనం పరిగెత్తుకొస్తే ప్రమాదం.

పొట్లం ముడి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. కుష్ఠువ్యాధి వల్ల వేళ్ళు పోగొట్టుకున్నవారికి, పక్షవాతంతో ఒక చేయి పనిచేయనివారికి బిగించి కట్టిన రబ్బరు బ్యాండు విప్పడం సాధ్యం కాదు, గుడ్డు పెంకు ఒలవడమూ కాదు. వారి దగ్గర ఒక నిమిషం ఆగి, చేతులు కడుక్కుని, పొట్లం విప్పి విస్తరి సరిచేసి, గుడ్డు ఒలిచి పెట్టి రావాలి. ఎవరికి ఇది కావాలో రెండో వారానికి మీకే తెలిసిపోతుంది. చేతులు కడుక్కోవడానికి వారికీ నీళ్ళు ఇవ్వండి. చెంబుతో నీళ్ళు పోస్తే చేతులు కడుక్కుని తినే ఆ అరనిమిషం, ఎన్నాళ్ళకో ఒక మనిషి ఇంటివాడిలా భోజనానికి కూర్చునే సమయం. తాగే నీళ్ళకు 20 లీటర్ల క్యాను పెట్టుకుని వారి సీసాలు నింపితే ఖర్చూ తక్కువ, చెత్తా తక్కువ.

మతి స్థిమితం లేనివారు కొందరు దగ్గరకు రానివ్వరు, తిడతారు, విసిరికొడతారు. అలాంటివారిని తాకకండి, చుట్టూ మూగకండి. వారికి కనిపించేంత దూరంలో విస్తరి పెట్టి వెనక్కి తగ్గండి. ప్రతి వారం అదే మనిషి, అదే వేళకు, అలాగే పెడుతుంటే కొన్నాళ్ళకు విస్తరి దగ్గరకు వస్తారు, ఆ తర్వాత మీ దగ్గరకు వస్తారు. అందుకే బృందంలో ముఖాలు తరచు మారకూడదని నేను గట్టిగా చెబుతాను. తాగి ఉన్నవారికి కూడా పెట్టండి, వాదనకు దిగకండి. చక్కెర జబ్బు ఉన్నవారు కొందరు అడగకుండానే చెబుతారు. వారికి స్వీట్లు, కేకు ఇవ్వకుండా గుడ్డు, పప్పు ఎక్కువ పెట్టండి. నాలుగైదు రోజులుగా ఏమీ తినక సోలిపోయిన మనిషి కనిపిస్తే కడుపునిండా పెట్టడం ప్రమాదకరం. ఒక్కసారిగా తిండి పడితే ఒంట్లోని లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. కొద్దికొద్దిగా మంచినీళ్ళు తాగించి, 108కి ఫోన్ చేయండి.

మీరు కూడా అదే అన్నం అక్కడే తినండి. గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవారికి కూడా కులమేదని అడగకుండా తన ఇంట వడ్డించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె హిందూ స్త్రీ, ఆమె దగ్గర మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. కొరింథు సంఘంలో కొందరు కడుపునిండా తింటుంటే పక్కనే కొందరు ఆకలిగా ఉన్నారని పౌలు మందలించిన సంగతి ప్రభువు బల్ల దగ్గర చదువుకుంటాం. ఫుట్‌పాత్ మీద పక్కపక్కన కూర్చుని తిన్నప్పుడు ఎవరు పెట్టారు, ఎవరు తిన్నారు అన్న తేడా కొంత చెరిగిపోతుంది. మాటలు అప్పుడే మొదలవుతాయి.

మిగిలినదీ, తర్వాతి పనీ

అన్నం మిగిలితే ఆ రాత్రే దగ్గరలోని మరో చోటికి తీసుకువెళ్ళి పంచాలి, మర్నాటికి దాచకూడదు. విస్తర్లు, గుడ్డు పెంకులు సంచిలో ఎత్తుకుని, ఆ చోటును మనం వచ్చినప్పటికన్నా శుభ్రంగా వదలాలి. లేకపోతే చుట్టుపక్కల దుకాణాలవారు ఫిర్యాదు చేస్తారు, ఆ ఫిర్యాదు వల్ల అక్కడ పడుకునేవారినే లేపివేస్తారు. మనం పెట్టిన అన్నం వారి చోటు పోగొట్టడానికి కారణం కాకూడదు.

మాటలు మొదలైన తర్వాత అన్నం ఒక్కటే సరిపోదని అర్థమవుతుంది. ఒకరికి మానని పుండు ఉంటుంది, ఒకరి ఆధార్ కార్డు పోయి పింఛను ఆగిపోయి ఉంటుంది, ఒకరికి మూడు వారాలుగా దగ్గు తగ్గదు. బృందంలో ఒకరు చిన్న నోటుపుస్తకం ఉంచుకుని, వారి అనుమతితో అవసరాన్ని రాసుకుని, వారంలోగా ఒక్కదానికైనా కదలిక తేవాలి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా క్షయ పరీక్ష చేయించవచ్చు; వ్యాధి ఉన్నట్టు తేలితే మందులతో పాటు పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. వయోవృద్ధుల కోసం 14567, మానసిక ఆరోగ్య సలహాకు 14416, పిల్లల కోసం 1098, ఆడవారికి 181 నంబర్లు ఉన్నాయి. ఒంటరిగా తిరుగుతున్న పిల్లవాడు కనిపిస్తే అన్నం పెట్టి వచ్చేయకుండా 1098కి ఫోన్ చేసి, వారు వచ్చేదాకా ఇద్దరు పక్కన ఉండాలి.

నగరపాలక సంస్థలు నడిపే రాత్రి ఆశ్రయ కేంద్రాలు మీ ప్రాంతంలో ఎక్కడున్నాయో ముందే వెళ్ళి చూసి రండి. మంచాలు, మరుగుదొడ్లు, ఆడవారికి వేరు గది ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూడకుండా ఎవరినీ అక్కడికి పంపవద్దు. వెళతామన్నవారిని ఆటోలో మీరే తీసుకువెళ్ళి, అక్కడి బాధ్యునికి పరిచయం చేసి, మర్నాడు ఒకసారి వెళ్ళి పలకరించండి. వెళ్ళడం ఇష్టం లేనివారిని బలవంతం చేయకండి. వచ్చే వారం అదే రోజు, అదే వేళకు, అదే చోటికి వారి భోజనం తీసుకుని వెళ్ళండి.